లార్క్ రింకులో శనివారాలు

వెర్నెల్ టాలీ తన జీవితంలో ఒకే మనిషిని రెండుసార్లు కొట్టింది. మొదటి దెబ్బ వేసినప్పుడు ఆమెకు పదహారేళ్లు. రెండోది వేసినప్పుడు అరవయ్యేడు. రెండూ ఒకే కప్పు కింద, ఒహాయో నది ఒడ్డున క్రేడాక్ ఊళ్లోని లార్క్ స్కేటింగ్ రింకులోనే. మధ్యలో ఇరవై తొమ్మిదేళ్లు పందుల మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని బతికింది. రోజుకు కొన్ని వందల మెడలు ఆమె చేతి కిందుగా పోయేవి. మనిషి మీద మాత్రం చెయ్యెత్తింది లేదు.

పంతొమ్మిది వందల అరవై మూడులో లార్క్ రింకు నల్లవాళ్లకు సోమవారం సాయంత్రాలు మాత్రమే తెరిచేవారు. తక్కిన రోజులన్నీ తెల్లవాళ్లవి. సోమవారం నాడు ఆర్గన్ వాయించే ఆయన రాడు. ఐస్‌క్రీం కౌంటరు మూసేసి ఉంటుంది. అద్దె స్కేట్లలో చక్రాలు అరిగిపోయినవి ఏరి మరీ ఇస్తారు. అయినా సోమవారం వచ్చిందంటే వెర్నెల్ కాలు నేల మీద నిలిచేది కాదు. వెనక్కి తిరిగి స్కేటింగ్ చెయ్యడం ఆమెకు నేర్పింది అన్న ఆర్లిస్. ఆమెకంటే మూడేళ్లు పెద్ద. రేవులో బొగ్గు ఎత్తే పని చేసేవాడు. ఆరడుగుల పైన మనిషి, మాట తక్కువ. చెల్లెల్ని 'నెల్' అని పిలిచేవాడు.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం చర్చిలో పాటలు పాడే తొమ్మిది మంది కుర్రకారు, సొంత స్కేట్లు భుజాన వేసుకుని లార్క్ తలుపు దగ్గరికి వెళ్లారు. వాళ్లలో ఆర్లిస్, వెర్నెల్ కూడా ఉన్నారు. వెర్నెల్ పసుపు గౌను వేసుకుంది. టికెట్ల కిటికీలో ఉన్నావిడ తలెత్తకుండానే చెప్పింది.

"సోమవారం రండి."

"ఈ రోజు శనివారమని మాకూ తెలుసమ్మా," అన్నాడు ఆర్లిస్. "తొమ్మిది టికెట్లు ఇవ్వండి."

ఆవిడ కిటికీ మూసేసింది. తొమ్మిది మందీ తోసుకుని లోపలికి వెళ్లి, రింకు అంచున చెక్క నేల మీద వరసగా కూర్చున్నారు. రింకు యజమాని అన్న కొడుకు డెల్మర్ ప్రుయిట్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మెడలో విజిల్ వేసుకుని, స్కేటింగ్ చేసేవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడకుండా చూడటం అతని పని. అతను విజిల్ ఊదాడు. ఆర్గన్ ఆగింది. తిరుగుతున్నవాళ్లంతా ఆగి, ఒక్కొక్కరే ఈ వైపుకు జారుకుంటూ వచ్చారు.

ముందు పడింది బకెట్టు. నేల కడగడానికి పెట్టుకున్న అమ్మోనియా నీళ్లు ఎవరో వాళ్ల మొహాల మీద కొట్టారు. కళ్లు భగ్గుమన్నాయి. కనపడకుండా తడుముకుంటున్న వాళ్ల మీద తన్నులు పడ్డాయి. కాళ్లకు స్కేట్లు ఉన్నవాడు తంతే ఆ తన్ను వేరు. ఇనుము, బరువు, జారుకుంటూ వచ్చిన ఊపు. వెర్నెల్ పక్కనున్న పిల్లను జుట్టు పట్టుకుని తలుపు దాకా ఈడ్చారు. ఆ పిల్ల వీపులో దిగిన చెక్క పేళ్లు వాళ్లమ్మ రెండు రోజులు తీసింది. ఒక కుర్రాడి వేళ్ల మీదుగా ఒకడు కావాలనే అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు.

వెర్నెల్ కళ్లు నులుముకుని చూసేసరికి అన్న వెల్లకిలా పడి ఉన్నాడు. డెల్మర్ ప్రుయిట్ అతని ఛాతీ మీద మోకాలు పెట్టి, చక్రాలు బిగించే పెద్ద పానాతో మొహం మీద మోదుతున్నాడు. మూడో దెబ్బకు దవడ విరిగింది. ఎండుకట్టె విరిగినట్టు వినపడింది. నాలుగో దెబ్బకు పానా ఎత్తాడు. వెర్నెల్ తన స్కేటు లేసులు చేతికి చుట్టుకుని, ఒక్క చుట్టు తిప్పి విసిరికొట్టింది. ఇనప అంచు అతని ఎడమ కంట్లోకి దిగింది.

అతను అరవలేదు. చేతుల్లో మొహం పెట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. వేళ్ల సందుల్లోంచి ఏదో కారింది. అది ఉత్త నెత్తురు కాదని ఆమెకు ఆ క్షణానే తెలిసింది.

ఆర్లిస్ మోచేతుల మీద పాకి వచ్చి చెల్లెలి చేతిలోంచి స్కేటు లాక్కున్నాడు. వేలాడుతున్న దవడతో మాట సరిగ్గా రాలేదు. "పో, నెల్" అన్నాడనుకుంది. పరిగెత్తింది. పోలీసులు వచ్చేసరికి స్కేటు ఆర్లిస్ చేతిలో ఉంది. తెల్లకుర్రాళ్లు ఇంకా తంతూనే ఉన్నారు. పోలీసులు వాళ్లను పక్కకు జరిపి, వాళ్లూ నాలుగు వేశారు.

కోర్టులో ఆర్లిస్ దవడకు తీగలు కట్టి ఉన్నాయి. నువ్వే కొట్టావా అని అడిగితే తలూపాడు. కంటికి కట్టు కట్టుకుని బోనెక్కిన డెల్మర్ అతని వైపే వేలు చూపించాడు. ఎనిమిదేళ్లు వేశారు. ఆరేళ్లు అనుభవించాడు. జైలు పొలంలో పత్తి గోతాం బరువు తగ్గిన ప్రతిరోజూ తోలు పట్టాతో కొట్టేవారు. తల మీద పడిన ఒక దెబ్బకు కుడి చెవి పోయింది. తిరిగొచ్చేసరికి పాతికేళ్ల మనిషి మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేవాడు.

వచ్చిన వారానికే వెర్నెల్ అన్న దగ్గర కూర్చుని చెప్పింది. "నేను వెళ్లి నిజం చెప్పేస్తాను."

"నోర్ముయ్," అన్నాడు ఆర్లిస్. "ఆరేళ్లు నేను తిన్న దెబ్బలన్నీ దండగ చేస్తావా? అక్కడ ఆడవాళ్ల బరాకులో ఏం జరుగుతుందో రాత్రిళ్లు విన్నాను నేను. ఇంకోసారి ఆ మాట ఎత్తావంటే నీకూ నాకూ మాటల్లేవు."

ఆమె ఎత్తలేదు. ఆర్లిస్ పెళ్లి చేసుకున్నాడు. జునెల్ అనే కూతురు పుట్టింది. ఆ పిల్ల బడిలో 'కన్ను పీకినోడి కూతురు' అనిపించుకుంటూ పెరిగింది. ఒకసారి అలా అన్నవాడి ముక్కు పగలగొట్టి ఇంటికి వస్తే, తండ్రి బెల్టు తీసి కొట్టి, ఆ తర్వాత తనే కూర్చుని ఏడ్చాడు. మేనత్త గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నోరు విప్పలేదు. నలభై మూడేళ్లకే ఆర్లిస్ పోయాడు. అప్పుడైనా చెప్పొచ్చు. తండ్రిని మట్టిలో పెట్టిన పిల్లకు ఏమని చెప్పాలో తెలియక ఊరుకుంది. ఆ ఊరుకోవడంలోనే ఏళ్ల మీద ఏళ్లు గడిచిపోయాయి.

రెండువేల పద్నాలుగు వేసవిలో సినిమావాళ్లు వచ్చారు. లార్క్ రింకు మూతపడి నలభై ఏళ్లు దాటింది, పాత టైర్లు పడేసుకునే గోదాముగా మారింది. దాన్ని బాగుచేయించి, గులాబీ రంగు వేసి, పాత ఆర్గన్ లాంటిది తెచ్చి పెట్టారు. అరవై మూడు నాటి వేసవి ప్రేమకథ అన్నారు, నవ్వుకునే కథ. కథానాయిక రింకు యజమాని కూతురు, తెల్లపిల్ల. ఆమె ప్రాణస్నేహితురాలు నల్లపిల్ల. ఆ వేషం వేసే తావియాకు స్కేటింగ్ నేర్పడానికి ఎవరున్నారని వాకబు చేస్తే, ఊరంతా వెర్నెల్ పేరే చెప్పింది.

మోకాళ్లు నొప్పి పెడుతున్నా వెర్నెల్ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని ఎవరైనా అడిగితే, ఆ నేల మీద ఇంకోసారి నిలబడాలనిపించింది అనేది. తావియా చురుకైన పిల్ల, పడ్డా నవ్వుతూ లేచేది. వారం తిరిగేసరికి వెనక్కి స్కేటింగ్ చేస్తోంది.

"అమ్మాయ్, నీ వేషం సంగతి ఒకటి చెప్పు," అని అడిగింది వెర్నెల్ ఒకరోజు. "నువ్వు ఎక్కడుంటావు?"

"అంటే, మిస్ వెర్నెల్?"

"కథంతా చదివి వినిపించావుగా. నువ్వు ఆ పిల్ల ఇంటికొస్తావు, ఆ పిల్ల ఏడిస్తే ఓదారుస్తావు, ఆ పిల్ల పెళ్లిలో డాన్సు కడతావు. మీ ఇల్లేది? మీ అమ్మ పేరేంటి? రింకు కట్టేశాక నువ్వెక్కడికి పోతావు?"

తావియా వంగి స్కేటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. "నన్నెవరూ అడగలేదు," అంది చివరికి. "నేనూ అడగలేదు."

ఆ పిల్ల వెళ్లి దర్శకురాలిని అడిగింది. ఎలీస్ మార్కమ్ అనే ఆ దర్శకురాలు మంచి మనిషే. అందరితో పేరు పెట్టి మాట్లాడేది. తన సినిమాలో ఎవరూ గుమ్మం బయట నిలబడకూడదని పదే పదే చెప్పేది. 'మా అమ్మ ఎదురుచూస్తుంటుంది' అనే మాట ఒకటి తావియాకు కలిపి ఇచ్చింది. ఇల్లు మాత్రం చూపించలేదు. కథలో శనివారం మధ్యాహ్నం జరిగే దృశ్యం తీసే ముందు రోజు రింకు నిండా జంటల్ని నిలబెట్టి అభ్యాసం చేయించారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు, అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటే ఎలీస్ వెర్నెల్ పక్కకు వచ్చి నిలబడింది.

"ఎంత బాగుందో కదండీ, మిస్ టాలీ."

వెర్నెల్ అప్పుడు ఆమెకు చెప్పింది. సోమవారాల గురించి, అమ్మోనియా గురించి, అన్న దవడ గురించి. స్కేటు ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పలేదు. ఎలీస్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ తల అడ్డంగా ఊపింది.

"ఇది జనం నవ్వుకోవడానికి తీస్తున్న సినిమా అండీ. మీవాళ్ల మీద పడిన దెబ్బలు ఎన్ని సినిమాల్లో చూపించారు? మీ పిల్లలు తెర మీద ఒక్కసారైనా హాయిగా ఉండటం చూడొద్దా?"

"చూడాలి. కాదనను," అంది వెర్నెల్. "కానీ ఆ శనివారం మేం లోపలికి వచ్చేశామని చెప్తున్నారు మీరు. అందరూ నవ్వుతూ రానిచ్చారని చెప్తున్నారు. మరి మా అన్న దేనికి తన్నులు తిన్నట్టు?"

ఎలీస్ ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఐస్‌క్రీం కౌంటరు దగ్గర దృశ్యం. కథానాయికా తావియా పక్కపక్కన ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే, తావియాకు అటువైపు ఒక ముసలి జంట ఒకే గ్లాసులో రెండు స్ట్రాలు వేసుకుని మిల్క్‌షేక్ తాగుతుండాలి. నల్లావిడా తెల్లాయనా అయితే ముచ్చటగా ఉంటుందని ఎలీస్ అనుకుంది. నల్లావిడ కళ్ల ముందే ఉంది. తెల్లాయనను ఊళ్లోంచి వేషాలకు పేరిచ్చిన వాళ్లలోంచి తెచ్చారు. వెర్నెల్‌కు ఊదారంగు టోపీ పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టాక, ఆయన కర్ర ఆనించుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. ఎడమ కన్ను గాజుది.

ఊరు చిన్నదే. ఇన్నేళ్లలో వీధి అవతలి నుంచి చాలాసార్లు చూసింది. మోచెయ్యి తగిలేంత దగ్గరగా ఎప్పుడూ లేదు.

దీపాలు సర్దుతున్నారు. తావియా గౌను మెడకింద చిన్న మైకు అప్పటికే పెట్టారు. ఆ పిల్ల కళ్లు మూసుకుని తన మాటలు వల్లె వేసుకుంటోంది.

"మీరు టాలీల పిల్ల కదూ," అన్నాడు డెల్మర్ ప్రుయిట్.

"ఆర్లిస్ చెల్లెల్ని."

"ఊఁ. గుర్తుపట్టాను."

యాభయ్యొక్కేళ్లుగా గొంతులో ఉన్న మాట. ఎవరితోనో ఒకరితో అనకపోతే దాంతోనే పోతాననిపించింది వెర్నెల్‌కు. మెల్లగా అంది. "నీ కన్ను మా అన్న తియ్యలేదు. నేను తీశాను."

అతను స్ట్రాతో గ్లాసులో నురగ కలిపాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"పోయింది ఒక కన్నే కదా. రెండోది బాగానే ఉంది ఆ రోజు. పసుపు గౌను. లేసులు చేతికి చుట్టుకుని వచ్చావు."

"మరి కోర్టులో మా అన్నవైపు వేలు చూపించావే?"

"పంతొమ్మిదేళ్లవాణ్ని. ఆడపిల్ల, అందులోనూ మీ వాళ్ల పిల్ల, నా కన్ను పీకిందని ఊళ్లో చెప్పుకోమంటావా? తలెత్తుకు తిరగ్గలనా? మా బాబాయి అన్నాడు, స్కేటు ఎవడి చేతిలో ఉంటే వాడి పేరు చెప్పరా అని. వాడూ ఒప్పుకున్నాడుగా. నాదేం పోయింది?"

"ఆరేళ్లు," అంది వెర్నెల్. "తోలు పట్టాతో కొట్టారు. చెవి పోయింది."

"నాకు జన్మంతా," అని గాజుకన్ను దగ్గర వేలు పెట్టాడు. "చెల్లుకి చెల్లు అనుకో. ఇంక నవ్వు, వాళ్లు తియ్యబోతున్నారు."

ఎవరో 'సిద్ధం' అని కేక వేశారు. ఆర్గన్ మొదలైంది. జంటలు కదిలాయి. డెల్మర్ ప్రుయిట్ చెప్పినట్టే నవ్వుతూ వంగి స్ట్రా నోట్లో పెట్టుకున్నాడు.

వెర్నెల్ గ్లాసు కాడ పట్టుకుని, అడుగు దళసరిగా ఉన్న వైపుతో అతని మొహం మీద కొట్టింది. ఇరవై తొమ్మిదేళ్లు పందుల్ని కోసిన చెయ్యి అది. గ్లాసు అతని దవడ మీద పగిలింది. రెండు పళ్లు కౌంటరు మీద పడ్డాయి. చెంప పెదవి మూల నుంచి చెవిదాకా తెరుచుకుంది. పాలూ నెత్తురూ కలిసి చొక్కా మీదకు కారాయి. అతను స్టూలుతో సహా వెనక్కి పడి, తల నేలకు కొట్టుకున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది, తిరిగే జంటల్లో కొందరు ఇది కథలో ఉందేమోనని నవ్వుతూనే ఉన్నారు. తావియా వెనక నుంచి ఆమె నడుము పట్టుకుంది. వెర్నెల్ అరచేతిలో గాజుపెంకు దిగి ఎముక కనపడుతోంది. ఆమెకు అది తర్వాతగాని తెలియలేదు.

పోలీసులు వచ్చి, అతన్ని స్ట్రెచర్ మీద పడుకోబెడుతూ ఏం జరిగిందని అడిగారు. నెత్తురు ఉమ్మి, "జారి పడ్డాను" అన్నాడు. ఆడది కొట్టిందని డెబ్బై ఏళ్లొచ్చినా చెప్పుకోలేకపోయాడు. చుట్టూ అరవై మంది చూశారు.

"జారలేదు, నేనే కొట్టాను," అంది వెర్నెల్. "రాసుకోండి. అరవై మూడులో అతని కన్ను తీసింది కూడా నేనే. అదీ రాసుకోండి."

కుర్ర పోలీసు తలెత్తి చూశాడు. "ఆ కేసులో ఎవరో జైలుకెళ్లారు కదమ్మా?"

"మా అన్న వెళ్లాడు."

ముసలావిడ మాట, అదీ చెయ్యి నిండా నెత్తురుతో అన్న మాట, ఎవరూ పెద్దగా లెక్కచెయ్యలేదు. కానీ తావియా అంతా వింది. ఆ పిల్ల మెడకింద మైకు కూడా వింది. వెర్నెల్ తరఫు లాయరు అడిగితే, ఆ టేపు తమదని, బయటికి ఇచ్చేది లేదని నిర్మాతలు అన్నారు. ఇచ్చేదాకా స్కేట్లు కట్టనని తావియా గదిలో కూర్చుంది. నాలుగు రోజులు షూటింగ్ ఆగింది. ఐదో రోజు ఎలీస్ మార్కమ్ తనే ఆ టేపు నకలు తెచ్చి వెర్నెల్ లాయరు బల్ల మీద పెట్టింది.

దెబ్బ కేసులో జడ్జి, వయసు చూసి జైలు లేకుండా రెండేళ్లు కోర్టు నిఘాలో ఉండమన్నాడు. అది వెర్నెల్‌కు కష్టమనిపించలేదు. కష్టమైంది జునెల్‌కు చెప్పడం.

జునెల్‌కు అప్పటికి నలభై మూడేళ్లు. పక్క ఊళ్లో నర్సు. ఆమె వంటింట్లో నిలబడే మొత్తం చెప్పింది వెర్నెల్. జునెల్ వింటూ వింటూ పొయ్యి మీద చిక్కుడుగింజల గిన్నె దించింది, మూత పెట్టింది. తర్వాత మేనత్త చెంప మీద బలం కొద్దీ కొట్టింది. రెండోసారీ కొట్టింది. వెర్నెల్ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

"ఆయన్ని చూసి నేను సిగ్గుపడ్డానత్తా," అంది జునెల్. "బడికి రావద్దని చెప్పేదాన్ని. గేటు అవతల నిలబడేవాడు. నువ్వు చూస్తూ ఉన్నావు."

"చూస్తూనే ఉన్నాను."

"పో ఇక్కణ్నుంచి."

ఏడాదిన్నర మాటల్లేవు. ఈలోగా సినిమా విడుదలైంది. వెర్నెల్ ఒక్కతే వెళ్లి చూసింది. కౌంటరు దగ్గర ఇంకో ముసలి జంటను కూర్చోబెట్టి తీసుకున్నారు. తావియా వెనక్కి తిరిగి జారుకుంటూ వచ్చే చోట హాలంతా చప్పట్లు కొట్టింది. వెర్నెల్ కూడా కొట్టింది, ఆ కాళ్లు తను దిద్దినవే మరి. పక్క సీట్లో ఒక నల్లపిల్ల, ఎనిమిదేళ్లుంటాయేమో, తల్లిని అడగడం వినపడింది. "అమ్మా, అప్పట్లో అందరూ కలిసే ఆడుకునేవాళ్లా?" తల్లి పాప్‌కార్న్ నములుతూ, "అలాగే ఉంది చూడు" అంది. వెర్నెల్ ఆ పిల్లవైపు తిరిగింది. చెప్పాలనుకుంది. చీకట్లో ఆ మొహం మీద తెర వెలుగు పడి ఎంత సంతోషంగా ఉందో చూసి ఆగిపోయింది. బయటికొచ్చాక ఆగినందుకు తనను తానే తిట్టుకుంది.

ఆర్లిస్ శిక్ష కొట్టివేయాలని వేసిన అర్జీ రెండువేల పదహారు మార్చిలో విచారణకు వచ్చింది. డెల్మర్ ప్రుయిట్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు. చెంప మీద మచ్చ నోటిని ఒక పక్కకు లాగేసింది. ముసలితనంలో ఏదో వాగానన్నాడు. జడ్జి టేపు వేయించాడు. గది నిండా అతని గొంతే. పసుపు గౌను. లేసులు చేతికి చుట్టుకుని వచ్చావు. టేపు అయిపోయేసరికి అతను ఒళ్లో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంటున్నాడు. ఎవరూ ఏమీ అడగకుండానే, "నా మాటే అది" అన్నాడు.

శిక్ష కొట్టేశారు. బతికి ఉన్న అపరాధిగా తన మీద కేసు పెట్టమని వెర్నెల్ అడిగింది. కేసు పెట్టే గడువు ఎప్పుడో దాటిపోయిందని, పైగా అన్నను కాపాడుకోవడానికి కొట్టిన దెబ్బ అని జడ్జి చెప్పాడు. ఆమెకు ఆ మాట రుచించలేదు. ఎవరో తన చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు నిలబడిపోయింది.

వెనక వరసలో జునెల్ ఉంది. ఎప్పుడొచ్చిందో వెర్నెల్ చూడలేదు. జనం లేచి పోతుంటే జునెల్ ముందుకు వచ్చి, ఉత్తర్వు కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తండ్రి పేరున్న చోట వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"నిన్ను క్షమించానని అనుకోకు," అంది.

"అనుకోను."

"బస్సులో వచ్చావా?"

"ఆఁ."

"నా కారు కింద ఉంది. మోకాళ్లు వాచాయి నీకు, ఎలా నడుస్తున్నావో చూడు." మేనత్త సంచీ తను తీసుకుని ముందు నడిచింది. మెట్ల దగ్గర ఆగింది. వెర్నెల్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతుంటే, చెయ్యి అందించలేదు గాని, దిగేదాకా కదలకుండా నిలబడింది.